గోళ్ళరంగు గీత

మా బావ ఎవరినైనా అనుమానిస్తాడు గాని మిషన్‌ని మాత్రం అనుమానించడు. బాన్సువాడలో వర్క్‌షాపు ఆయనదే. కోత మిషన్లకూ రైస్ మిల్లులకూ షాఫ్టులు, బుష్‌లు చేస్తాం. హైదరాబాద్ నుంచి కంప్యూటర్‌తో నడిచే పాత సీఎన్‌సీ లేత్ కొనుక్కొచ్చిన రోజు, దానికి కొబ్బరికాయ కొట్టి, నన్ను దాని ముందు నిలబెట్టి, "ఇగ గిది నీది బామ్మర్ది" అన్నాడు. అక్క మొగుడి నోట ఆ పిలుపు వింటే నాకు ఒళ్ళు పొంగేది.

నిజాంసాగర్ కాలువ కింద కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం అది నా చేతిలో గుద్దుకుంది. ఇనుమును చెక్కే టూలు ఆగాల్సిన చోట ఆగకుండా ముందుకు పోయి, తిరుగుతున్న షాఫ్టును కొట్టి ముక్కలైంది. స్క్రీన్ చూస్తే అంకె సరిగ్గానే ఉంది. టూలు ఎక్కడ ఉండాలో అక్కడే ఉందని చెబుతోంది. అంటే పని మొదలుపెట్టే ముందు టూలు కొలత నేనే తప్పు ఇచ్చానన్నమాట.

"మిషన్ అబద్ధమాడదు. నీ చెయ్యే తప్పింది," అన్నాడు బావ.

అంతకుమించి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మర్నాటి నుంచి లేత్ తనే నడిపాడు, నన్ను డ్రిల్లింగ్ మిషన్ దగ్గరికి పంపాడు. బామ్మర్ది అనే పిలుపు పోయింది. పని చెప్పాల్సి వస్తే "గా బుష్ అందుకో" అనేవాడు, గోడకు చెప్పినట్టు.

మొదట నాకు కోపం వచ్చింది. పోను పోను కోపం పోయి అనుమానం మిగిలింది. నిజంగానే అంకె తప్పు కొట్టానా? అన్నం తింటూ వేళ్ళ వంక చూసుకునేవాణ్ణి. అక్క పెళ్ళికి ముందు నుంచీ బీడీలు చుట్టిన మనిషి. "రోజూ చేసే పని చెయ్యి మర్చిపోదురా. నాకెరుకలేదా?" అనేది. నమ్మాలనే ఉండేది, నమ్మలేకపోయాను.

కొన్నాళ్ళకు బావ చేతిలోనూ షాఫ్టులు పాడవడం మొదలైంది. ఒకటి సన్నం, ఒకటి లావు. పాడైనవాటిని ఎవరికీ చెప్పకుండా బెంచీ కిందికి తోసేవాడు. ఒకరోజు నిజామాబాద్ దవాఖానకు పోయి కళ్ళద్దాలతో వచ్చాడు. చూపు మందగించిందని అక్కతో మాత్రం అన్నాడట. వినగానే నాకు ఒళ్ళు మండింది. నా దగ్గర చెయ్యి తప్పు, ఆయన దగ్గర కన్ను తప్పు, మిషన్ మాత్రం శుద్ధపూస! మంట చల్లారాక జాలేసింది. నన్నే కాదు, ఆయన తనను కూడా నమ్మడం మానేశాడు. ఇద్దరి చేతుల్లోనూ తప్పుతోందంటే తప్పు చేతులది కాదేమో అని అప్పుడు తట్టింది.

ఆదివారం షాపు మూసి ఉన్నప్పుడు అక్కను అడిగి తాళం తీసుకున్నాను. ఆమె కూడా వెంట వచ్చింది. ముందు ఎన్‌కోడర్ మీద పడ్డాను. మోటారు ఎంత తిరిగిందో లెక్కపెట్టి స్క్రీన్‌కు చెప్పేది అదే. దాని కేబుల్ మార్చి చూశాను, కనెక్టర్లు తుడిచాను. లెక్కలో ఏ తేడా లేదు. అప్పుడు గుర్తొచ్చింది, అది లెక్కపెట్టేది మోటారు చుట్లను మాత్రమే. టూలు నిజంగా కదిలిందో లేదో దానికి తెలియదు. మోటారుకూ, టూలును జరిపే స్క్రూకూ మధ్య, రెండిటినీ కలిపి పట్టే కప్లింగ్ ఒకటి ఉంటుంది. టూలు వెనక్కి వచ్చేటప్పుడు అది కాస్త జారిందంటే, మళ్ళీ ముందుకు పోయేటప్పుడు టూలు హద్దు దాటుతుంది. స్క్రీన్ మాత్రం అంతా బాగుందనే అంటుంది.

కప్లింగ్ మీద గుర్తు గీద్దామంటే మార్కర్ ఎండిపోయి ఉంది. షాపు వెనకే ఇల్లు. అక్క పోయి ఎర్ర గోళ్ళరంగు సీసా తెచ్చింది. కప్లింగ్ రెండు సగాల మీదుగా ఒకే గీత గీసి, ఆరనిచ్చి, టూలును వేగంగా ముందుకూ వెనక్కూ పరుగెత్తించాను. ఆపి చూస్తే గీత రెండు ముక్కలై ఉంది. ఒకదానికి ఒకటి అందనంత దూరం జరిగాయి.

అక్కే పోయి బావను పిలుచుకొచ్చింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, వంగి, చాలాసేపు చూశాడు.

"అయితే నా కండ్లు మంచిగనే ఉన్నయన్నట్టు," అన్నాడు.

ఇంకో మాట కోసం ఎదురుచూశాను.

"మరి మా తమ్ముని చెయ్యి?" అంది అక్క.

బావ గూట్లోంచి అలెన్ కీ తీసి నా చేతికిచ్చాడు. కప్లింగ్ బోల్టు బిగించాలి, చిన్న పని. కీ బోల్టులో పెట్టబోతే పక్కకు జారింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారింది. నా చెయ్యి వణుకుతోంది. గుద్దుకున్న రోజు కూడా వణకని చెయ్యి, తప్పు దానిది కాదని తేలిన రోజున వణికింది. నాకు ఏడుపొచ్చింది.

బావ కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"మెల్లగ బిగియ్యి బామ్మర్ది," అన్నాడు. "తొందరేం లేదు."