గది మధ్యలో కూర్చున్న మా పెద్దమ్మ

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోపం మగవాళ్ల సొత్తు. మా నాన్నకు కోపం వచ్చిన రోజు వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా తగ్గిపోయేది. మా పెద్దమ్మకు కూడా కోపం వస్తుందని నాకు పదేళ్లు వచ్చేవరకూ తెలియదు. అది తెలిసిన రోజు నుంచి నాకు మిగతావాళ్ల కోపాలేవీ కోపాల్లా కనిపించలేదు.

పెద్దమ్మ అంటే మా నాన్నకు వదిన. పెళ్లయిన కొన్నేళ్లకే పెదనాన్న పోయాడట. పిల్లల్లేరు. చీపురుపల్లిలో మా ఇంట్లోనే ఉండేది. మా నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. ఇంట్లో దేనికీ లోటు లేదు గానీ, పెద్దమ్మ తలనొప్పి మాత్ర కావాలన్నా కొట్టు దాకా వెళ్లి గల్లాపెట్టె ముందు నిలబడాలి. ఎవరూ ఏమీ అనేవారు కాదు. అయినా ఆవిడ నిలబడే తీరు నాకిప్పటికీ గుర్తుంది, చీర కొంగు చివర రెండు చేతులతో పట్టుకుని, కొట్లో బేరం అయ్యేదాకా.

ఆవిడ పేరు మీద కొంచెం మెట్ట భూమి ఉండేది. గోగు, నువ్వులు వేసేవారు. వరసగా పంట పోవడంతో దాన్ని అమ్మేశారు. ఆ డబ్బుతో పట్నంలో ఏదైనా చిన్న వాటా కొని అద్దెకిచ్చుకుంటే నెల నెలా తన చేతికి తన డబ్బు వస్తుందని పెద్దమ్మ ఆశ. నాన్న నాలుగు చోట్ల కనుక్కుని, విజయనగరంలో ఒక మేడ మీద వాటా చవకగా వస్తోందని చెప్పాడు. రెండు గదులు, వంటిల్లు, అద్దెకున్నవాళ్లు కూడా ఉన్నారు. అంత చవక ఎందుకని పెద్దమ్మ అడిగితే, యజమాని విశాఖపట్నం వెళ్లిపోతున్నాడు, తొందరలో ఉన్నాడు అన్నాడు.

ముగ్గురం పాసింజరు రైల్లో వెళ్లాం. వానలు వెలిసి వారమైంది. పెద్దమ్మ పెట్టె అడుగు నుంచి తీసిన జరీ అంచు చీర కట్టుకుంది. దారంతా కిటికీలోంచి చూస్తూ, మధ్యమధ్యలో తనలో తనే నవ్వుకుంది. ఆ నవ్వు చూసి నాకూ ఉషారొచ్చింది. ఏదో పండక్కి వెళుతున్నట్టే అనిపించింది.

యజమాని స్టేషనుకే వచ్చాడు. తెల్లటి బట్టలు, చేతిలో గొడుగు. నాన్నని సావుకారు గారూ అని, పెద్దమ్మని అమ్మగారూ అని మర్యాదగా పిలిచాడు. మెట్లెక్కి పైకి వెళ్లేసరికి తడిసున్నం వాసన గుప్పుమంది. గోడలూ పైకప్పూ పాలలా తెల్లగా ఉన్నాయి. లోపల ఇరవై ఏళ్లు దాటిన ఒక అమ్మాయి నిలబడి ఉంది. కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టి నాలుగు డబ్బులు సంపాదించుకుంటుందట, భర్త మిల్లులో పనికి వెళ్లాడట. గుమ్మానికి కట్టిన చీర ఉయ్యాలలో పిల్ల నిద్రపోతోంది. లోపలికి వెళ్లాలంటే ఆ ఉయ్యాలని పక్కకు జరిపి, వంగి వెళ్లాలి.

నాకు వింతగా అనిపించిందేమిటంటే, గదిలో సామానంతా అంచుల్లోనే ఉంది. మంచం ఒక గోడకు, ట్రంకుపెట్టెలు ఇంకో గోడకు, మిషను తలుపు మూలకు. మధ్యలో అంత గదీ బోడిగా ఉంది. కింద గచ్చు మీద అక్కడక్కడా రాయి పడినట్టు గుంటలున్నాయి.

పెద్దమ్మ కూడా అదే చూసింది. "ఏటమ్మా, సామానంతా గోడకి తోసీసినావు?" అని ఆ అమ్మాయిని అడిగింది.

ఆ అమ్మాయి యజమాని వైపు చూసింది. ఆయనే అందుకున్నాడు. "మీరొస్తన్నారని సర్దింది అమ్మగారూ. గది ఎంత పెద్దదో కనపడాలి కదా." అంటున్నప్పుడు ఆయన గడప బయటే ఉన్నాడు. మేమంతా లోపలికొచ్చినా ఆయన రాలేదు.

పెద్దమ్మ ఒకసారి పైకప్పు వైపు చూసింది, ఒకసారి ఆయన కాళ్ల వైపు చూసింది. తర్వాత మెల్లగా నడుచుకుంటూ గది సరిగ్గా మధ్యకు వెళ్లి, చీర సర్దుకుని, మఠం వేసుకుని కూర్చుంది.

"కాళ్లు పీకుతన్నాయి బాబూ. దా, ఇక్కడే కూకుని బేరం మాటాడుకుందాం."

"కింద హోటల్లో టీ తాగుతూ మాట్లాడుకుందాం అమ్మగారూ."

"టీ వద్దు. నీ ఇల్లే గదా, కూకోడానికేటి? దా."

ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు గానీ, కాలు కదపలేదు. నాన్నకు సిగ్గేసి, లే వదినా బాగుండదు అన్నాడు. నేను వెళ్లి పెద్దమ్మ ఒళ్లో కూర్చుందామని రెండడుగులు వేశాను. ఆవిడ నా వైపు తిరగకుండానే, "నువ్వు అక్కడే ఉండే గుంటా" అంది. ఆ గొంతు అంతకు ముందెప్పుడూ వినలేదు. నేను గోడకు అతుక్కుపోయాను. ఆవిడకు అప్పటికే అంతా తెలిసిపోయిందని చాలా ఏళ్ల తర్వాత గానీ నాకు అర్థం కాలేదు.

యజమాని ఆ అమ్మాయి వంక ఒక చూపు చూశాడు. నోరు తెరిచావో అన్నట్టుండే చూపు, పదేళ్లదాన్ని నాకే తెలిసింది. ఆ అమ్మాయి మిషను చక్రం గట్టిగా పట్టుకుని నిలబడింది. ఇంతలో పైనుంచి కాస్త సున్నం పొడి రాలి పెద్దమ్మ భుజం మీద పడింది.

అంతే, ఆ అమ్మాయి పరుగున వెళ్లి పెద్దమ్మ జబ్బ పట్టుకుంది. "లెగండమ్మా, మీకు దండం పెడతాను. అక్కడ కూకోకండి. మొన్న ఆదివారం పెద్ద పెచ్చు ఊడి పడ్డాది. ఉయ్యాల అక్కడే ఉండీది. పిల్లని అప్పుడే ఎత్తుకున్నాను. నిన్న మనిషిని పెట్టి సున్నం కొట్టించీసినారు." అంటూనే ఏడ్చేసింది.

పెద్దమ్మ లేచింది. భుజం మీద సున్నం దులుపుకోలేదు. కేకలు కూడా వేయలేదు. గడప దగ్గరికి వెళ్లి, ఆయనకు జానెడు దూరంలో నిలబడింది.

"నీకు తెల్సు. తెల్సే నువ్వు గడప దాటలేదు. నాను దాని కింద కూకుంటే సూస్తా నిలబడ్డావు. ఈ పిల్ల నోరిప్పితే దీని గూడు పోతాది. దానికీ తెల్సు. అయినా సెప్పింది. నువ్వు సెప్తే నీకు పోయీదేటి, బేరమే గదా?"

ఆయన ఆవిడ భుజం మీదుగా ఆ అమ్మాయితో, నెలాఖరుకి ఖాళీ చేసెయ్యమని చెప్పి, టకటకా మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఉయ్యాలలో పిల్ల లేచి ఏడుపు మొదలుపెట్టింది.

కోపం అక్కడితో అయిపోయిందనుకున్నాను. అసలు కోపం తిరుగు రైల్లో చూశాను. నాన్న చాలా సంతోషంగా ఉన్నాడు. మంచి పని చేశావు వదినా, లోపం వాడి ఎదుటే బయటపెట్టావు, ఇక సగానికి సగం దిగి వస్తాడు అన్నాడు. కొన్నాక ఆ పెచ్చులు గీకించేసి, పైన కాస్త సిమెంటు పూయిస్తే చాలు, అద్దెకు ఎవరో ఒకరు దిగుతారు అన్నాడు.

పెద్దమ్మ నన్ను తన దగ్గరకు లాక్కుంది. "ఒరే సిన్నోడా, ఆ గదిలో ఈ గుంటని పడుకోబెడతావేట్రా?"

"మనమేటి ఉంటామా వదినా, అద్దెకిచ్చేదే కదా."

రైలు పెట్టె నిండా జనం. పెద్దమ్మ ఎవరినీ పట్టించుకోలేదు. "అద్దెకొచ్చినోల్ల పిల్లలకి తలకాయలుండవా? ఆడు పైపైన సున్నం పూసి నాకు అంటగట్టబోయినాడు. నువ్వు సిమెంటు పూసి ఇంకోలకి అంటగడతానంటన్నావు. ఆడికీ నీకూ తేడా ఏటి? నిన్ను నా సేత్తో పెంచినాన్రా నాను." నాన్న ముఖం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. ఆయన ఎదుట అంత మాట అన్నవాళ్లని నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఇంటికొచ్చాక ఆవిడ కోపం తన మీదకే తిరిగింది. రెండు రోజులు సరిగా తినలేదు. మా అమ్మ అన్నం కంచం తీసుకెళ్లి బతిమాలితే అన్న మాటలు నేను తలుపు పక్క నుంచి విన్నాను. "నా తెలివి సూపించుకున్నానే. ఆడి సేత నిజం సెప్పిద్దామని కూకున్నాను. ఆడు సెప్పనేదు, ఆ పిల్ల సెప్పింది. ఇప్పుడు ఈదిన పడ్డది ఎవులు? ఆ పిల్లే."

నాలుగో రోజున నన్ను వెంటబెట్టుకుని మళ్లీ విజయనగరం వెళ్లింది. ఆ అమ్మాయి వాళ్ల కోసం మా ఊళ్లో ఒక గది చూసి మాట్లాడి పెట్టింది కూడా. మేడ మీద తాళం వేసి ఉంది. నెలాఖరు దాకా కూడా ఆగనివ్వలేదని, మిషను రిక్షాలో వేసుకుని గజపతినగరం వైపు ఎవరో చుట్టాలింటికి వెళ్లారని కింద వాటా ఆవిడ చెప్పింది. పెద్దమ్మ తర్వాత రెండుసార్లు గజపతినగరం వెళ్లి, కనపడిన ప్రతి కుట్టు దుకాణంలోనూ అడిగింది. ఆ అమ్మాయి దొరకలేదు. పేరైనా అడగలేదు చూడు అని తనను తాను తిట్టుకుంటూ తిరిగొచ్చింది. వాటా కొనే మాట మళ్లీ ఎత్తలేదు. డబ్బు పోస్టాఫీసులో వేసుకుంది. ఆ ఇంటి యజమాని మీద, ఆ సున్నం మీద, తన మీద కోపం ఆవిడకు ప్రాణం పోయేదాకా తగ్గలేదు.

నాకిప్పుడు అరవై దాటింది. విజయనగరంలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పోయినేడాది మా మేనల్లుడు ఒక పాత అపార్టుమెంటులో మూడో అంతస్తు ఫ్లాటు చవకగా వస్తోందని, కొని అద్దెకిచ్చుకుంటే పెన్షనుకు తోడుగా ఉంటుందని తీసుకెళ్లాడు. అద్దెకున్న జంట, ఒక పిల్లాడు. బ్రోకరూ యజమానీ పక్కనే ఉన్నారు. గోడలకు కొత్త రంగు. నేను ఆ ఇల్లాలిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇల్లు బాగుంది అని చెప్పి వచ్చేశాను.

మర్నాడు నాకు తెలిసిన మేస్త్రిని తీసుకెళ్లాను. అతను కర్రతో పైకప్పు అంతా కొట్టి చూసి, రెండు గదుల్లో డొల్ల శబ్దం వస్తోందనీ, లోపలి ఇనప ఊచలు తుప్పు పట్టి ఉబ్బాయనీ, కప్పు విప్పి కొత్తగా వేయాలే తప్ప పూతలకు లొంగదనీ యజమాని ఎదుటే చెప్పాడు. ఆ ఇల్లాలు నోరు తెరవాల్సిన అవసరం రాలేదు. యజమాని మేస్త్రి మీద విరుచుకుపడ్డాడు. మేస్త్రి అతని ఇంట్లో అద్దెకు లేడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. ఆ తిట్లు అతని మీద పడాలనే నేను తీసుకెళ్లాను.

నేను కొనలేదు. కొని కప్పు వేయించే తాహతు నాకు లేదు. "నువ్వు కాకపోతే ఇంకొకడు కొంటాడత్తా, రంగేసి ఇచ్చేస్తాడు" అన్నాడు మేనల్లుడు. వాడన్నట్టే జరిగింది. ఆ జంట మేస్త్రి మాట విని వేరే ఇల్లు చూసుకున్నారు. కొన్నాళ్లకే చేతులు మారిన ఫ్లాటుకు అద్దెకిస్తామని బోర్డు వేలాడదీశారు.

ఆ బోర్డు చూసి వారం తిరక్కుండా మెట్లెక్కి వెళ్లాను. అప్పటికే ఒక కుటుంబం సామాను దించుకుంది, వయసైన తల్లీ, కొడుకూ కోడలూ. మేస్త్రి చెప్పిందంతా చెప్పాను. కోడలు ఓపిగ్గా విని, "తెల్సండీ, పొడి రాలతన్నాది. ఈ అద్దెకి ఊల్లో ఇంకెక్కడ దొరుకుతాదో మీరే సెప్పండి" అంది. దిగి వస్తుంటే ఒళ్లంతా మండిపోయింది, ఆ యజమాని మీద, బ్రోకరు మీద, ఊరికే మాటలు చెప్పి వస్తున్న నా మీద. మా ఇంటి వెనక గది ఒకటి పాత పరుపులతో, విరిగిన కుర్చీలతో పదేళ్లుగా మూసి ఉంది. అద్దెకివ్వడానికి ఫ్లాటు కోసం ఊరంతా తిరిగాను గానీ, ఆ తలుపు ఒక్కసారి తీసి చూడలేదు.

రెండు రోజుల్లో గది ఖాళీ చేయించాను. పైకప్పు మేస్త్రి చేత కొట్టించి చూపించి, అక్కడ కడుతున్న అద్దెకే వాళ్లను పిలిచాను. గది చిన్నది, అయినా వచ్చారు. ఆ పెద్దావిడ పొద్దున్నే నాతో పాటు పెరట్లో కూర్చుని కూర తరుగుతుంది.

నిన్న అటువైపు వెళితే ఆ ఫ్లాటు బాల్కనీకి మళ్లీ బోర్డు వేలాడుతోంది. ఇవ్వడానికి నా దగ్గర ఇంకో గది లేదు. బ్రోకరు ఫోన్ చేసి, పెద్దవారు, మీకెందుకండీ ఇవన్నీ అన్నాడు. పెద్దమ్మ పోయి ముప్పై ఏళ్లవుతోంది. ఆవిడ కోపం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఆ అపార్టుమెంటు లిఫ్టు ఎప్పుడూ పనిచేయదు, నాకు మోకాళ్ల నొప్పులు. రేపు పొద్దున్నే, ఆ ఇల్లు చూడ్డానికి ఎవరైనా రాకముందే, ఎండ ఎక్కకముందే బయలుదేరాలి.