వేడెక్కని బండి

మా మేనత్త రాములమ్మ ఇక లేదన్న కబురు మొదట నాకు తెచ్చింది పాలు పోసే లచ్చమ్మ. సూర్యాపేటలో మా ఇంట్లో దేవుడి ముందు దీపం పెట్టి అప్పుడే లేచాను. లచ్చమ్మ మాట పూర్తయ్యేలోగా వీధిలో ఎవరో డీసీఎం వ్యాన్ స్టార్ట్ చేశారు. తెల్లటి పొగ, కాలీకాలని డీజిల్ వాసన గుమ్మం దాటి లోపలికి వచ్చాయి. కన్నీళ్ల కంటే ముందు ఆ వాసనే నన్ను మిర్యాలగూడకు, అత్తమ్మ వాకిట్లోకి తీసుకుపోయింది.

బడికి పోని నాకు అక్షరాలూ లెక్కలూ ఇంట్లో నేర్పింది ఆమే. మామయ్య పోయాక ఆయన డీసీఎంకు సైదులు అనే డ్రైవర్ని పెట్టి, మిల్లుల బియ్యాన్ని కోదాడ, సూర్యాపేట దుకాణాలకు తోలించేది. ప్రతిదాని మీదా ఆమెకు అనుమానమే. కందిపప్పును పంటికింద వేసి చూస్తే గాని కొనేది కాదు. నా జ్వరం తగ్గిందంటే నుదురు ముట్టుకుంటే గాని నమ్మేది కాదు. అలా ముట్టుకుని చూసే మనిషి ఉండటం ఎంత భాగ్యమో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒక చలికాలం బండి డీజిల్ విపరీతంగా తాగడం మొదలుపెట్టింది. అత్తమ్మ మరిది నర్సింహను నేను చిన్నమామ అనేదాన్ని. ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“సైదులు డీజిల్ అమ్ముకుంటుండు వదినా. మునగాల దాబా ఎనక క్యాన్లు నింపుతుండు. మిల్లు కాడ అందరికి చెప్పిన.”

“నువ్వు సూసినవా?”

“సూడాల్నా? డ్రైవర్లందరు గంతే.”

“నీ బామ్మర్ది గూడ డ్రైవరే. ఇప్పుడు ఖాళీగనే ఉన్నడు గదా?”

చిన్నమామ ముఖం మాడిపోయింది. “గది వేరే ముచ్చట.”

సైదులుది నిడమనూరు. డీజిల్ దొంగ అన్న పేరు పడితే ఈ చుట్టుపక్కల ఏ ఓనరూ అతని చేతికి స్టీరింగ్ ఇవ్వడు. ఆ సాయంత్రం అతనే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. “తీసేస్తే తీసెయ్‌రి అమ్మా. దొంగ అని మాత్రం అనకురి.” అత్తమ్మ “రేపు నేనొస్త, నడువు” అంది. చిన్నమామనూ సైదులునూ సమానంగా అనుమానించింది. నన్ను కూడా వెంట తీసుకెళ్లింది.

కోదాడలో సరుకు దించి సూర్యాపేట వైపు వస్తుంటే, మునగాల దగ్గర సైదులు బండి ఆపి క్యాన్ పట్టుకుని దాబా వెనక్కి వెళ్లాడు. అత్తమ్మ చప్పుడు చేయకుండా దిగి వెంట నడిచింది. అతను తిరిగి రాగానే క్యాన్ లాక్కుని వాసన చూసింది.

“అద్దం కడగనీకి నీళ్లమ్మా. నీళ్లు గూడ వాసన సూస్తరా?”

“పాలు గూడ సూస్త. ఎక్కు.”

మళ్లీ బయల్దేరాక ఆమె చూపు ఇంజను వేడి చూపించే ముల్లు మీద పడింది. “ఇది లేస్తలేదేంది?”

“మంచిదే గదమ్మా! ఎండకాలం సంది ఇంజన్ సల్లగనే ఉంటుంది. దేవుని దయ.”

నేను కూడా మనసులో దేవుడికి దండం పెట్టుకున్నాను. అత్తమ్మ మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. “పొయ్యి సల్లగుంటె బువ్వ ఉడుకుతదా? కట్టెలు ఊకెనే ఖతమైతయి.”

మర్నాడు పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి, రేడియేటర్‌కు పోయే పైగొట్టం మీద చెయ్యి పెట్టింది. నా చెయ్యి కూడా పెట్టించింది. ఇంజను కాగేదాకా లోపలి వాల్వ్ నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వదు. కాబట్టి గొట్టం అందాకా చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మామయ్య దగ్గర చూసి నేర్చుకున్న పరీక్ష అది. మా గొట్టం మాత్రం మొదటినుంచీ కొద్దికొద్దిగా గోరువెచ్చనై అక్కడే ఆగిపోయింది. ముల్లే చెడిపోయిందేమోనన్న అనుమానం కూడా ఆమెకు వచ్చింది. అట్టపెట్టె కోయించి, గాలి తగలకుండా రేడియేటర్‌కు సగం అడ్డంగా కట్టించింది. కోదాడ దారిలో ముల్లు మెల్లగా లేచింది, అంటే అది బాగానే ఉంది. తెల్లపొగ పలచబడింది.

కోదాడలో మెకానిక్ విప్పి చూస్తే వాల్వ్ ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది.

“ఎండాకాలంలో మేమే తీసేశామండి” అన్నాడతను తాపీగా. “బండి వేడెక్కకూడదని ఇక్కడ చాలా బళ్లకి అంతే చేస్తాం. మీ మరిదిగారే తెచ్చారు కదండీ!”

చుట్టాలను తనే నాగార్జున సాగర్ తీసుకెళ్లినప్పుడు బండి వేడెక్కితే చిన్నమామ తర్వాత కోదాడలో ఆ పని చేయించి మరిచిపోయాడు. అందులో చెడు తలపేమీ లేదు. మండే ఎండల్లో బతికే మాకు ఇంజను ఎంత చల్లగా ఉంటే అంత మేలనిపిస్తుంది. చలికాలం వస్తే ఆ చల్లదనం కూడా డీజిల్ తాగుతుందని ఎవరికీ తట్టలేదు.

కొత్త వాల్వ్ పడ్డాక బండి దాహం తగ్గింది. కథ అయిపోయిందనుకున్నాను. అత్తమ్మ మాత్రం చిన్నమామను వెంటబెట్టుకుని మిల్లుకు వెళ్లి, హమాలీల మధ్య నిలబెట్టి నిజం చెప్పమంది. ఆయన నేల చూస్తూ ఏదో గొణిగాడు.

“జర గట్టిగ చెప్పు నర్సింహా. అప్పుడు గింత మెల్లగ చెప్పలే గదా!”

అయినా ఆ మాట మిల్లు లారీలతో పాటు అప్పటికే ఊళ్లు దాటిపోయింది. మునగాలలో టీ పోసేవాడు సైదులును చూసి కన్నుగీటేవాడు. కోదాడ దుకాణాల్లో నవ్వులు ఆగలేదు. అందుకే అత్తమ్మ ఓపిక ఉన్నన్నాళ్లూ అప్పుడప్పుడు క్యాబిన్‌లో ఎక్కి, ఆగిన చోటల్లా దిగి ఆ నిజం చెప్పి వచ్చేది. “ఇగ ఇడిసిపెట్టురి అమ్మా” అని సైదులే బతిమాలేవాడు. “నా బండి మీద పడ్డ మాట. నేనే తుడవాలె” అనేది.

తుడవడం పూర్తి కాకుండానే ఆమె వెళ్లిపోయింది. మిగిలిన పని నాకు వదిలిందనుకుంటున్నాను, అందుకు కృతజ్ఞతతోనే ఇది రాస్తున్నాను. అత్తమ్మను మీరు మరిచిపోయినా ఆమె ఏమీ అనుకోదు. నిడమనూరు సైదులును మాత్రం గుర్తుపెట్టుకోండి. అతను ఒక్క చుక్క డీజిల్ కూడా అమ్ముకోలేదు.