పల్లేర్లు ఏరిన చెలక

షాద్‌నగర్ శివారులో గొర్రెలు మేపుకుని బతికే గుర్వమ్మకు అరెకరం చెలక ఉంది. మనవరాలు సుస్మిత అక్కడి నాలుగంతస్తుల ప్రైవేటు బడిలో మూడో తరగతి. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఆ బడికి ఆటస్థలం లేదు. అది లేనిదే గుర్తింపు ఇచ్చేది లేదన్నారు పైవాళ్ళు. దాంతో బడి యజమాని దివాకర్ సారు గుర్వమ్మ వాకిట్లో చెప్పులు విప్పి మరీ కూర్చున్నాడు.

“నీ చెల్క మాకియ్యి అవ్వా, పిల్లలు ఆడుకుంటరు. నీ మనవరాలికి ఫీజు వద్దు.”

“పిల్లలు ఆడుకుంటమంటే కాదంటనా సారూ!”

నమ్మింది పిచ్చితల్లి! కంచె వేసి, తాళం బిగించి, ‘క్రీడా మైదానం’ అని బోర్డు పెట్టారు. అంతకుముందే గుర్వమ్మ ఎనిమిది రోజులు నడుం వంచి రాళ్ళేరింది. పిల్లల కాళ్ళలో గుచ్చుకుంటాయని పల్లేర్లను వేళ్ళతో సహా పీకింది. గొర్రెల్ని అటు తోలడం మానుకుంది.

ఏడాదైనా ఒక్క పిల్ల రాలేదు. ఏరు దాటాక సారు బోడి మల్లయ్యే అయ్యాడు.

“ఆటల పీరియడ్ల చదివిస్తరవ్వా. ఇంటర్‌వెల్ల గూడ మెట్లు దిగనియ్యరు. టైం వేస్టంట” అంది సుస్మిత.

ఎనిమిదేళ్ళ పిల్లకు టైం వేస్టట! గొర్రెపిల్ల పుట్టిన మూడో రోజే గంతులేస్తుంది. దాన్ని ఎవడైనా కట్టేస్తాడా?

ఒకనాడు చెలక దగ్గరికి బడి బస్సు వచ్చింది. గుర్వమ్మకు ప్రాణం లేచొచ్చింది. పరుగున పోయి బిందెడు నీళ్ళు తెచ్చింది. పిల్లలు తెల్ల బట్టల్లో వరసగా నిలబడ్డారు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఫోటో తీసుకున్నాడు. సుస్మిత ఆగలేక అవ్వ దగ్గరికి ఉరికింది.

“ఏయ్! డ్రెస్సు మాస్తది, లైన్ల నిలబడు!” దివాకర్ గదమాయించాడు.

ఆఫీసరు కారు కదలగానే పిల్లల్ని బస్సెక్కించారు. గుర్వమ్మ అడ్డం పోయింది.

“వచ్చినోళ్లు వచ్చిండ్రు, జరసేపు ఉరకనియ్యి సారూ.”

“పరీక్షున్నదవ్వా. వచ్చే యేడు మళ్ల తోలుకొస్తం.”

గేటుకు తాళం పడింది. వరస తప్పినందుకు సుస్మితను ఆ రోజంతా బెంచీ మీద నిలబెట్టారు. ఆ సంగతి విన్న గుర్వమ్మ సారును తిట్టిన తిట్లు రాస్తే కాగితం కాలిపోతుంది.

ఆదివారం పొద్దున మనవరాలి చెయ్యి పట్టుకుని చెలకకు పోయింది. తన చెలకలోకే దొంగలా కంచె తీగ పైకెత్తి పిల్లను లోపలికి పంపింది.

“ఉరుకు బిడ్డా! ఎవ్వడేమంటడో నేను చూస్త.”

సుస్మిత చేతులు కట్టుకుని నిలబడింది.

“ఎందుకవ్వా? తనిఖీ అయిపోయింది గదా.”