ఇంప్లాంట్ బిల్లు

మొన్న హాస్పిటల్ క్యాంటీన్‌లో, మా ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. పిల్లలు పుట్టకుండా వాడే మందులకి హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్ళు డబ్బు ఇచ్చి తీరాలని అర్జీ. అందరూ గబగబా సంతకాలు పెట్టేశారు. నేనూ పెట్టాననుకోండి, కానీ పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. "ఇందులో ఆలోచించేదేముంది?" అంది. ఏముందో నాకు తెలిస్తేగా చెప్పడానికి.

ఈ దేశం వచ్చి వెస్ట్‌మీడ్‌లో ఫ్లాట్ అద్దెకి తీసుకున్న కొత్తలో మా ఆయనకి పిల్లల మీద తొందర. నాకేమో ల్యాబ్ ఉద్యోగం అప్పుడే దొరికింది. పిల్లలు వద్దని కాదు, ఇప్పుడే వద్దని. ఆ ముక్క మొహం మీద చెప్పడానికి నోరు పెగల్లేదు. "సరే, చూద్దాం" అన్నాను. ఆ వారమే క్లినిక్‌కి వెళ్ళి గర్భం రాకుండా చేతి చర్మం కింద ఇంప్లాంట్ పెట్టించుకున్నాను. కట్టు చూసి ఏమైందని ఆయనడిగితే, తలుపు తగిలిందన్నాను. అంత తేలిగ్గా అబద్ధం వస్తుందని నాకే తెలీదు.

బుద్ధున్నదాన్నైతే బిల్లు అక్కడే చింపి పారేసేదాన్ని. మా ఇంట్లో బిల్లు పారెయ్యడమంటే అన్నం పారేసినట్టే. ఎందుకైనా మంచిదని దాచడం మాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. నా కళ్ళద్దాల బిల్లులున్న కవర్లో దాన్నీ దోపేసి మర్చిపోయాను.

ఏడాదిన్నర గడిచింది. మాకు పీఆర్, అంటే ఇక్కడే ఉండిపోవడానికి అనుమతి, వచ్చింది. ఇక సర్కారు వైద్యం దొరుకుతుందని మా ఆయన పాత పాలసీ ఆపేస్తూ, "మిగిలిన బిల్లులన్నీ తియ్యి, ఆఖరిసారి క్లెయిమ్ చేసేద్దాం" అన్నాడు. పాలసీ ఆయన పేరు మీదుంది, నేను డిపెండెంట్‌ని. వంటలో ఉన్నాను, ఆ కవరు అలాగే తీసి చేతిలో పెట్టాను. ఆయనా చూసుకోకుండా వరసగా ఫొటోలు తీసి పంపేశాడు.

శనివారం పొద్దున నేను పెసరట్లు వేస్తుంటే ఈమెయిల్ వచ్చింది. "ఒకటి తిప్పి కొట్టారు. గర్భం రాకుండా చేసేవి పాలసీలో లేవట" అని పైకి చదివాడు. ఏ బిల్లో నాకర్థమైంది. ఆయన మాత్రం అప్పటికే ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టేశాడు. క్లెయిమ్ కాదంటే ఆయనకి ఒళ్ళు తెలీదు. కాన్పుకైతే ఇస్తామంది అవతలమ్మాయి. "కనడానికి ఇస్తారు, కనకుండా ఉండడానికి ఇవ్వరా? ఇదెక్కడి న్యాయం? ఆడవాళ్ళ ఇష్టం ఆడవాళ్ళది కాదా?" అని ఇంగ్లీషులో దులిపేస్తున్నాడు. వాళ్ళు ఒప్పుకునుంటే డబ్బు చప్పుడు లేకుండా పడిపోయేది, ఏ బిల్లుకెంతో ఆయన చూసుకునేవాడే కాదు, నా అబద్ధం ఇంకో ఏడాది హాయిగా నడిచేది. నా తరఫున నన్నే పట్టిస్తూ పోట్లాడుతున్న మనిషిని చూస్తూ, ఎవరు నెగ్గాలని కోరుకోవాలో తెలీక అట్లకాడతో నిలబడ్డాను. అట్టు మాడిపోయింది.

ఫోన్ పెట్టేశాడు. బిల్లు మళ్ళీ తెరిచి, తేదీ దగ్గర ఆగాడు.

"ఇది నీదా?"

"నాదే."

అరుస్తాడనుకున్నాను. అరిచినా బావుండేది. వచ్చి పొయ్యి కట్టేశాడు.

"లోపం నాలోనే ఉందని మా అమ్మకి చెప్పాను" అన్నాడు. "పోయినేడే. డాక్టరు చెప్పాడని అబద్ధమాడాను. నిన్నెవరూ ఏమీ అనకూడదని."