చింతచేవ రూళ్ళకర్ర

జ్ఞానదాసుకి బడి చదువు లేదు. హార్బరు వర్క్‌షాపులో మేస్త్రీల చేతులు చూసి చూసి పని పట్టుకున్నాడు. 1981 నాటికి వన్‌టౌన్ సందులో సొంత లేతు మిషను మీద మంచం కోళ్ళు, ఉయ్యాల కర్రలు తీసేవాడు. తీసిన కోడు నచ్చకపోతే పొయ్యిలో పెట్టేవాడే గాని గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

ఆ జూన్‌లో కూతురు పుష్పకుమారిని మూడో తరగతిలో చేర్చడానికి కొత్త బడికి తీసుకెళ్ళాడు. పిల్లని బడిలో వేసేటప్పుడు తండ్రి ఒక బెత్తం కూడా మేస్టారి చేతికివ్వడం ఆ వీధుల్లో మర్యాద. అందరూ వెదురుబద్ద తెచ్చేవారు. జ్ఞానదాసుకి అది మనసొప్పలేదు. చింతచేవ ఏరి, రెండు సాయంత్రాలు కూర్చుని గుండ్రటి రూళ్ళకర్ర తీశాడు. ఉప్పుకాగితం పట్టి, లక్క పూశాడు. బల్ల మీద దొర్లిస్తే ఎక్కడా తడబడలేదు.

"మాట ఇనకపోతే రెండంటించండి మేస్టారూ. ఎందుకని నాను అడగను," అన్నాడు. పుష్ప అతని పక్కనే నిలబడి ఉంది.

సుందర్ రాజ్ మేస్టారు కర్రని వేళ్ళ మధ్య తిప్పి చూశారు. "దీంతో దెబ్బ తినడానికైనా పెట్టి పుట్టాలయ్యా!" అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

వానలు ముదిరాక, దసరాకి ముందు ఒకరోజు పుష్ప ఎడమచేత్తో అన్నం తింటోంటే తల్లి జయమణి కసిరింది. అయినా పిల్ల కుడిచెయ్యి పైకి తియ్యలేదు. జయమణి లాగి చూసింది. వేలి కణుపులు వాచి, కమిలి ఉన్నాయి.

"ఏటి సేసావే?" అన్నాడు జ్ఞానదాసు. ముందుగా నోట్లోంచి వచ్చిన మాట అదే. ఆ మాట అతన్ని ఏళ్ళ తరబడి వదల్లేదు.

జయమణి బతిమాలితే పుష్ప చెప్పింది. ఎక్కం తప్పిన పిల్లని, ఒప్పజెప్పిన పిల్ల చేత కొట్టించడం మేస్టారి పద్ధతి. పక్కన కూర్చునే నూకాలుకి ఏడో ఎక్కం రాదు. పుష్పకి వచ్చు. రూళ్ళకర్ర ఇచ్చి కొట్టమంటే పుష్ప కొట్టలేదు. ఆ దెబ్బలు తనే తింది. ఆ వారంలో అది మూడోసారి.

"మరి నాకెందుకు సెప్పనేదమ్మా?"

"నువ్వు అడగనన్నావు గదా నాన్నా."

జ్ఞానదాసు కంచం ముందు నుంచి లేచిపోయాడు. వెదురుబద్దయితే ఈపాటికి చీలిపోయేది. తను చీలని కర్ర ఏరి మరీ ఇచ్చాడు.

మర్నాడు లేతు కట్టేసి బడికి వెళ్ళాడు. "ఆ కర్ర నాకిచ్చీండి మేస్టారూ. తప్పయిపోనాది."

"నీ కూతురి చెయ్యి వాచాక తప్పయిందా? ఇన్నాళ్ళూ మిగతా పిల్లలు తినలేదూ? వాళ్ళ కోసం రాలేదే?"

జ్ఞానదాసు చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నూకాలు వేళ్ళే వాచి ఉంటే తను వచ్చేవాడా?

మేస్టారు కర్ర ఇచ్చేసి, మూలనున్న వెదురుబెత్తం అందుకున్నారు. జ్ఞానదాసు క్లాసులోకి వెళ్ళి, నలభైమంది పిల్లల ముందు కూతురి దగ్గర వంగి, "తప్పు నాదే పుష్పా. ఇకమీదట రోజూ అడుగుతాను. సెప్పు," అన్నాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. పుష్ప తలెత్తలేదు.

అన్నట్టే రోజూ బడి వదిలే వేళకి లేతు ఆపి, "ఈయేళ ఏటయినాది?" అని అడిగేవాడు. "ఏటీ నేదు," అనేది. కణుపుల వాపు తీసింది. కొత్త దెబ్బల్లేక చేతులు శుభ్రంగా ఉంటున్నాయి. తను వెళ్ళి అడగబట్టే మేస్టారు మారారని జ్ఞానదాసు లోలోపల గర్వపడ్డాడు కూడా.

క్రిస్మస్‌కి వారం ముందు, అడక్కుండానే పుష్ప వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, నూకాలు నా పక్కన కూకోనంతాంది."

"ఏటి, తగువాడీసారా?"

"ఈయేళ గట్టిగా తగిలీసింది. రోజూ నెమ్మదిగానే కొడతన్నాను."

"రోజూనా?"

"దసరా కాడనుంచి. నువ్వొచ్చి అలాగ అన్నాక అందరూ నన్ను ఏడిపించీసేవోలు. మేస్టారు కొట్టమంటే కొట్టీసేను. ఇంకెవులూ నన్నేటీ అన్నేదు."

ఆ చేతులు ఎందుకు శుభ్రంగా ఉన్నాయో అప్పటికి అతనికి అర్థమైంది.

కూతుర్ని కోప్పడడానికి నోరు రాలేదు. ఫరవాలేదనడానికీ రాలేదు. చొక్కా తొడుక్కుని, ఆమె చెయ్యి పట్టుకుని నూకాలు ఇంటివైపు నడిచాడు. నూకాలు తండ్రి పైడయ్య హార్బరులో మూటలు మోసి, ఆ వేళకి ఇల్లు చేరి ఉంటాడు.

"ఆలకేటి సెప్తావు నాన్నా?" అంది పుష్ప.

సందు చివర పైడయ్య ఇంటి తలుపు కనిపిస్తోంది. జ్ఞానదాసు నడక ఆపలేదు.