అక్కకు ఆవుండాది కదా

దసరా సెలవుల్లో అందరం కలిసి బెంగళూరు అవతలున్న వాటర్ పార్కుకు పోవాలని మా కుటుంబంలో తీర్మానమైన సంగతి అందరికంటే చివర తెలిసింది నాకే. ఒకరోజు పొద్దున పాలకేంద్రంలో పాలు పోసి వచ్చి తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటుంటే మా అమ్మాయి సెల్లు పట్టుకుని వచ్చింది.

"అమ్మా, ఈడ సూడు. చిన్నమ్మ టికెట్లు తీసేసింది."

బెంగళూరులో ఉండే మా తోడికోడలు కుటుంబం గ్రూపులో పెట్టిన ఫోటో అది. అందులో మా ఆయన పేరుంది, నా కూతురి పేరు, కొడుకు పేరు ఉన్నాయి. మరిది, తోడికోడలు, వాళ్ల బాబు ఉన్నారు. నా పేరు లేదు. కిందికీ పైకీ జరిపి మళ్లీ చూశాను. ఫోటో కింద ఆమె ఒక మాట రాసింది. "అక్కకు ఆవుండాది కదా, అందుకని తీయలేదు." దానికి మా ఆయన బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టాడు. గంటన్నర ముందు పెట్టాడు. ఆ గంటన్నరలో ఆయన నా చేతి కాఫీ తాగాడు, నా చేతి ఉప్మా తిన్నాడు, టమేటా మండీకి పోతూ పోతూ తలుపు దగ్గరగా వేసుకోమని కూడా చెప్పాడు. ఈ మాట మాత్రం చెప్పలేదు.

పలమనేరులో మా ఇల్లు ఊరి చివర. వెనక కొట్టంలో ఒక సీమావు. తొలిసారి ఈనినప్పటి నుంచి దాని పాలు పిండింది నేనే. నేను కూర్చుంటే చేపుతుంది, పొదుగులోకి పాలు దిగుతాయి. ఇంకెవరు కూర్చున్నా బిగబట్టుకుంటుంది, లేదా తంతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. దానికి ఆదివారం లేదు, పండగ లేదు. వట్టిపోయే రెండు నెలలూ ఎందుకో ఎప్పుడూ ఆషాఢం దగ్గరే వస్తాయి. అప్పుడు పెళ్లిళ్లుండవు, సెలవులుండవు, ఎవరూ ఎక్కడికీ పిలవరు.

ఐరాలలో మా చెల్లెలి పెళ్లికి తాళి కట్టేదాకా ఉన్నాను. పంక్తిలో కూర్చోబోతుంటే మా ఆయన వచ్చి చెవిలో, "బస్సు టైమయింది, సాయంత్రం పాలెవురు పిండతారు" అన్నాడు. ఆయన భోంచేసి మరుసటి రోజు వచ్చాడు. పంక్తిలో ఆకులైనా వేయకముందే నేను బస్సెక్కాను. ఆ పెళ్లి ఆల్బంలో కుటుంబమంతా నిలబడ్డ ఫోటో ఉంది, భోజనాల తరువాత తీసింది. చూసినవాళ్లు, "పెద్దమ్మాయి రాలేదా?" అని అడుగుతారు. నా కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుపతికి పోయినప్పుడూ అంతే. కొండ మీద గుండు చేయించి, బిడ్డను మా అత్త చేతికిచ్చి, క్యూ ఆలస్యమవుతుందంటే దర్శనం చేసుకోకుండా దిగి వచ్చాను. ఇవి రెండూ పెద్దవి. చిన్నవి చాలా ఉన్నాయి, అవన్నీ నాకు గుర్తున్నాయి.

మధ్యాహ్నం మా ఆయన అన్నానికి వచ్చాడు. వడ్డించి, ఎదురుగా నిలబడ్డాను.

"టికెట్లలో నేను లేనేం?"

"నువ్వు వస్తానంటే కదా."

"వస్తావా అని ఎవురన్నా అడిగితే కదా వస్తాననేది."

"వస్తే ఆవునేం చేస్తావు? కారులో ముందర సీట్లో కూసోబెడదామా?"

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. రసం గిన్నె ఆయనకు అందనంత దూరంలో పెట్టాను. అది గమనించి కాస్త తగ్గాడు.

"సరే మే. ఆవు ఇంగొకరి చేతికి చేపితే నాదేం లేదు. నీకూ టికెట్టు తీపిస్తా."

అది జరగదన్న ధైర్యంతోనే ఆ మాట అన్నాడు. నేను మాత్రం దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ప్రయాణానికి ఇంకా వారముంది.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాము. ముందు మా ఆయననే కూర్చోమన్నాను. లుంగీ ఎగగట్టుకుని, ఆవు నడుము తట్టి, బకెట్ పెట్టుకుని కూర్చున్నాడు. ఆవు తల తిప్పి ఒకసారి చూసి కాలు విసిరింది. బకెట్ గోడకు తగిలి దొర్లింది. "నాకొద్దబ్బా" అని లేచిపోయాడు. మరుసటి పూట మా అత్త కూర్చుంది. ఆమెకు పార్కు గొడవ లేదు, కారెక్కితే వాంతులు. నేను ఈ ఇంటికి రాకముందు ఈ కొట్టంలో పాలన్నీ ఆమే పిండేది. ఆమెను ఆవు తన్నలేదు గానీ, చేపనూ లేదు. ఎంతసేపు పిండినా బకెట్ అడుగు తడవలేదు. చివరికి నేను కూర్చోగానే ధారలు కట్టింది.

"సూస్తివా?" అన్నాడు మా ఆయన వాకిట్లో నిలబడి. ఆ మాటలోని సంతోషం నాకు ఇప్పటికీ వినపడుతుంది.

రెండు రోజులు గడిచాయి. ఏ పని పట్టుకున్నా సగంలో వదిలేసేదాన్ని. పొయ్యి మీద పాలు పెట్టి కొట్టంలోకి పోయేదాన్ని, కొట్టంలోకి ఎందుకు వచ్చానో తెలియక మళ్లీ వంటింట్లోకి వచ్చేదాన్ని. గ్రూపులో తోడికోడలు రోజుకో కబురు పెట్టేది. పొద్దున్నే బయలుదేరాలి, నీళ్లలోకి నూలు బట్టలు ఒప్పుకోరు, పిల్లలకు ఇంకో జత పెట్టుకోండి అని. అన్నీ చదివాను. ఒక్కదానిలోనూ నాకు చెప్పిన మాట లేదు. తట్టుకోలేక ఐరాలకు ఫోన్ చేసి మా అమ్మ దగ్గర ఏడ్చినంత పని చేశాను. ఆమె అంతా విని, "దీనికింత గోలెందుకు? నీ గుడ్డలు ఏసుకోమను" అంది.

"ఎవుర్ని?"

"పాలు పిండే వాళ్లని. నిన్ను కనేటప్పుడు నేను మా అమ్మగారింటికి పోలేదా? అన్నినాళ్లూ మీ నాయన నా చీర చుట్టుకోనే పిండినాడు. తలకు గూడ కొంగేసుకున్నాడు. దానికేం తెలుస్తాది, వాసనే కదా."

"ఇన్నేండ్లుగా నాకు చెప్పలేదేమ్మా?"

"నువ్వు అడిగితివా? నీకు పోబుద్ధి కాలేదేమో అనుకుంటి."

అది కూడా మనసులో ఒక పక్కన పెట్టుకున్నాను.

సాయంత్రం కొట్టంలో తొడుక్కునే నా పాత నైటీ తెచ్చి మా ఆయన ముందు పెట్టాను. పేడ మరకలతో, పాల చుక్కలతో, ఉతకనిది. ఆయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఇది నేనేసుకోవాలనా? మండీలో తెలిస్తే నాకేం పేరు పెడతారో తెలుసునా?"

"మా నాయన చీరే కట్టినాడు."

"మీ నాయన మండీలో పనిచేసింటే తెలిసేది."

అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తున్న మా అత్త చాట పక్కన పెట్టి లేచింది. "నాకీయ్" అంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పెళ్లైన కొత్తలో నేను నైటీ వేసుకుని ముగ్గు వేయడానికి వాకిట్లోకి వస్తే, ఇరుగమ్మ ముందరే ఈమె, "గోతాం తగిలించుకున్నెట్టుండాది, ఇట్టాంటివి ఏసుకోని గడప దాటొద్దు" అంది. ఆ తరువాత చాలాకాలం ఇంట్లో కూడా చీరే కట్టాను. ఇప్పుడు ఆమే ఆ గోతాన్ని చీర మీదే తొడుక్కుంది. నా తువ్వాలు నాలాగే తలకు చుట్టుకుంది. మా అమ్మాయి సెల్లు పైకెత్తితే, "ఫోటో తీసినావంటే దాన్ని పేడలో పడేస్తా" అని కొట్టంలోకి నడిచింది.

ఆ పూట ఆవు ఆమెను మెడ దగ్గర నుంచి కాళ్ల దాకా వాసన చూసి, సగం పాలిచ్చింది. మరుసటి పూట ఇంకొంచెం ఎక్కువ. మూడో పూట నన్ను కొట్టం దరిదాపుల్లో ఉండొద్దంది మా అత్త. గోడ అవతల నిలబడ్డాను. ముందు ఏమీ వినపడలేదు. తరువాత ఖాళీ బకెట్లో మొదటి ధార చప్పుడు, ఆ తరువాత నురగ మీద ధార పడే మెత్తటి చప్పుడు. అది ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. పొదుగు నిండుగా దిగినప్పుడే వస్తుంది.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. గోడకు ఆనుకుని ఆ చప్పుడు వింటుంటే ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ అది నన్నే కావాలంటోందని అనుకున్నాను. ఆ గర్వంతోనే ఎన్నో మింగాను. తీరా చూస్తే దానికి కావలసింది నా నైటీ. చెల్లెలి పెళ్లి రోజు కూడా ఆ కొట్టంలో నా పాత బట్టలు మేకుకు వేలాడుతూనే ఉన్నాయి. వాటిని తగిలించుకునే మనిషే లేడు.

మా అత్త నిండు బకెట్‌తో బయటికి వచ్చి, గోడ దగ్గర నన్ను చూసి ఆగింది.

"పోయిరా మే. నేనూ నీ మాదిరే ఉండిపోతి. మా అన్న కూతురి పెండ్లి గూడ సూడలేదు. అప్పుడు నాకెవురూ ఇది చెప్పలేదు."

ఆ మాటకు ఆమె మీద నాకున్న పాత కోపాల్లో రెండు కొట్టేశాను. మిగిలినవి అలాగే ఉన్నాయి.

మా ఆయన ముఖం మాడ్చుకుని బెంగళూరుకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టమన్నాను. తోడికోడలు ఏవో మీటలు నొక్కుతున్న చప్పుడు వినపడింది. "అయ్యో అక్కా, ఆరోజు అయిపోయినాయి. సెలవులు కదా, ఈ వారమంతా ఎర్రగానే చూపిస్తా ఉంది. ముందే చెప్పింటే..."

"అడిగింటే చెప్పిందును."

అవతల ఫోన్ మరిది అందుకున్నాడు. "గేటు కాడ కౌంటర్లో కొన్ని ఇస్తారంట వదినా. పొద్దున్నే బిరీన వస్తే దొరకొచ్చు."

"దొరక్కపోతే?"

దానికి జవాబు మా ఆయన ఇచ్చాడు. "దొరక్కపోతే ఏముండాది, బయట నీడలో కూసోని ఉంటాదిలే."

తరువాతి వారానికి మార్చమంటే, మేము బాడుగకు మాట్లాడిన కారు డ్రైవరు ఆయుధపూజ మరునాడే వస్తానని మొండికేశాడు. మిగిలిన రెండు రోజులూ నేను సెల్లు వదల్లేదు. పోపు వేస్తూ, బట్టలారేస్తూ, మా అమ్మాయి చూపించినట్టు ఆ పేజీ తెరిచి చూసేదాన్ని. ఎర్రగానే ఉండేది. అయినా అంగట్లో ఒక నైలాన్ ప్యాంటూ పొడుగు చేతుల టీషర్టూ కొన్నాను. ఇంటికి తెచ్చి మంచం మీద పరిచాను. మా అత్త వచ్చి చూసింది. నైటీలో ఉంది కాబట్టి ఏమీ అనలేకపోయింది.

బయలుదేరిన రోజు కారుకు ఇంకా అరటి పిలకలు కట్టే ఉన్నాయి, అద్దం మీద కుంకుమ చెరగలేదు. కోలారు దాటాక బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. అందరూ అదే పార్కుకు పోతున్నట్టు, అందరూ నాకంటే ముందు టికెట్టు కొనేట్టు అనిపించింది. డ్రైవరు టీకి ఆపుతానంటే వద్దన్నాను. మా ఆయన దానికి కూడా గొణిగాడు.

పార్కు గేటు దగ్గర రెండు వరుసలున్నాయి. టికెట్లు ముందే తీసుకున్నవాళ్ల వరుస గబగబా లోపలికి పోతోంది. కౌంటర్ వరుస ఎండలో రోడ్డు దాకా వంకర తిరిగి ఉంది. మా మరిదీ తోడికోడలూ అప్పటికే వచ్చి కాచుకున్నారు.

మా ఆయన ఆ వరుసను చూసి, "సరే, మేము పిల్లోళ్లను తీసుకోని లోపలుంటాం. నువ్వు టికెట్టు తీసుకోని రా" అన్నాడు.

"ఎవురూ పోవద్దు" అన్నాను.

"ఏం?"

"టికెట్టు దొరికితే అందరం పోదాం. దొరక్కపోతే అందరం వెనక్కి పోదాం."

"ఎండలో పిల్లోళ్లను నిలబెడతావా?"

"నన్నొక్కదాన్నే అయితే నిలబెట్టొచ్చునా?"

తోడికోడలు చేతిలోని టికెట్లు చూసుకుంది. "అక్కా, మధ్యాహ్నమైతే లోపల శానా రష్షు..." అని మొదలుపెట్టింది. మరిది ఆమె చేయి గిల్లడం నేను చూశాను. మా అమ్మాయి ముందుగా వచ్చి నా పక్కన నిలబడింది. తమ్ముడి చేయి పట్టుకుని వాణ్నీ లాక్కొచ్చింది. తరువాత మరిది వచ్చాడు. తోడికోడలు బాబును ఎత్తుకుని వచ్చింది. మా ఆయన రెండు అడుగులు గేటు వైపు వేసి, ఎవరూ వెంట రాకపోయేసరికి తిరిగి వచ్చాడు. టికెట్లున్న ఆరుగురూ, టికెట్టు లేని నేనూ ఒకే వరుసలో నిలబడ్డాము.

చాలాసేపు నిలబడ్డాము. నా కొడుకు నీళ్లడిగాడు, తరువాత ఏడ్చాడు, తరువాత మానేశాడు. గేటు లోపల నుంచి జనం అరుపులు, నీళ్ల చప్పుడు వస్తూనే ఉన్నాయి. పాపం అనిపించింది గానీ, వరుస వదల్లేదు. మా వెనకున్న ఒకామె మమ్మల్ని చూసి, "మీరంతా ఒక గుంపా? అయితే మాకు మిగలవేమో" అని దిగులుపడింది. "మాకు ఒకటే కావాల" అన్నాను. ఆమె మా అందరినీ ఒకసారి లెక్కపెట్టుకుని, అర్థం కాక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

కౌంటర్లో అబ్బాయి తలెత్తకుండా, ఎన్ని అని కన్నడంలో అడిగాడు.

"ఒందు" అన్నాను, మా ఆయనకు కూడా వినపడేలా.

అతను తలెత్తి, నా వెనక చెమటలు కారుస్తూ నిలబడ్డ ఆరుగురినీ చూసి, మళ్లీ అడిగాడు. నేను మళ్లీ అదే చెప్పాను. అతను నా పేరు అడిగి, టికెట్టు మీద రాసిచ్చాడు.