నిప్పుతో మొహమాటం

మా పక్కింటి అంకుల్ పోయి పన్నెండు రోజులైంది. డాక్టర్లు నిమోనియా అని రాశారు. నన్ను రాయమంటే ఒక చిమ్నీ క్లీనర్ పేరు రాసేదాన్ని. ఆయన్ని తలుచుకుందామని కూర్చుంటే ముందు వాడే గుర్తొస్తున్నాడు, ఏం చేయను.

అమెరికాలో ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేం ఇల్లు కొన్నప్పటికే అంకుల్ కార్ల కంపెనీలో ఇంజనీరుగా రిటైరయ్యారు. ప్రతి అక్టోబర్‌లోనూ పాత చొక్కా తొడుక్కుని వచ్చి, మా ఫైర్‌ప్లేస్ ముందు దుప్పటి పరిచేవారు. టార్చిలైటూ చేతి అద్దమూ పెట్టి పొగగొట్టం లోపలికి చూసేవారు. బ్రష్షుతో మసి గీకి, అడుగున రాలింది ఎత్తి నాకు చూపించేవారు. మా అత్తయ్య ఇత్తడి చెంబులు తోమడానికి బూడిద ప్లాస్టిక్ బకెట్లో దాచుకుంటే, మూత ఉన్న ఇనపడబ్బా తెచ్చిచ్చి, ఇంటికి దూరంగా సిమెంటు మీద పెట్టించారు.

"నివురు గప్పిన నిప్పంటే సామెతే అనుకుంటున్నారా చెల్లెమ్మగారూ? మూడు రోజులైనా రాజుకుంటుంది" అన్నారు. మాకందరికీ ఆయన పదేపదే చెప్పిన మాట మాత్రం ఒకటే. "నిప్పుతో మొహమాటం వద్దు."

కార్ల కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్న ఆ ఏడాది ఆయనకి మోకాలి ఆపరేషన్ అయింది. "ఈసారికి ఎవరినైనా బుక్ చేయమ్మా" అన్నారు. చేశాను. నేను ఆఫీసులో ఉండగా వాడొచ్చి వెళ్ళాడు. అంతా శుభ్రం అని కాగితం ఇచ్చాడని అత్తయ్య చెబితే, నేను దాన్ని విప్పి చూడనేలేదు.

మొదటి చలిరోజున మంట వేస్తే, గొట్టంలో పేరుకున్న మసి అంటుకుని రైలు పోతున్నట్టు హోరుమంది. నేను పిల్లల్ని బయటికి లాక్కొచ్చేసరికి అత్తయ్య దేవుడి పటాల కోసం మేడెక్కారు. చేతికర్రతో కుంటుతూనే పరిగెత్తుకొచ్చిన అంకుల్ ఆ పొగలోకి వెళ్ళి ఆవిడ్ని దింపుకొచ్చారు. ఇంటికి పెద్దగా ఏమీ కాలేదు. ఆయనకి పట్టుకున్న దగ్గు మాత్రం చివరిదాకా వదల్లేదు.

"కంప్లైంట్ ఇస్తాను. వాడి వ్యాపారం మూయించేదాకా నిద్రపోను" అన్నాను.

"లీవ్ ఇట్ అమ్మా" అన్నారు. మా ఇన్స్యూరెన్స్ పనులు చూసిపెట్టింది ఆయనే కనక ఆ కాగితం ఆయన దగ్గరే ఉంది. ఎప్పుడడిగినా ఎక్కడో పెట్టానన్నారు. ఇంత మెత్తదనమేమిటని ఆయన మీదా మండిపడ్డాను.

పోయిన వారం ఆంటీ ఆయన సొరుగు సర్దుతూ ఆ కాగితం తెచ్చి ఇచ్చింది. 'చిమ్నీ లోపల శుభ్రం చేయడం నేను చూశాను' అనే ఇంగ్లీషు వాక్యం కింద, గుండ్రటి తెలుగు అక్షరాల్లో మా అత్తయ్య సంతకం ఉంది. ఆయన ఇన్నేళ్ళూ ఎవరిని కాపాడారో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. దాచేద్దామనుకున్నాను గానీ అత్తయ్య చూడనే చూశారు.

"వాడు పైకెక్కలేదమ్మాయ్. నేనిచ్చిన టీ తాగి, కిందనుంచే లైటేసి చూసి కాగితం చాపాడు. ఇంటికొచ్చిన మనిషిని కాదనలేక పెట్టేశాను." కళ్ళు కూడా తుడుచుకోకుండా అన్నారు. "నువ్వు రాయి. సంతకం నాదేనని నేనే వచ్చి చెప్తాను. వాణ్ణి మాత్రం వదలకు."

కంప్లైంట్ రాసి పంపాను. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం అత్తయ్య ఫైర్‌ప్లేస్ ముందు కుర్చీ వేసుకుని, నాచేత నేర్పించుకున్న ఒక్క ఇంగ్లీషు వాక్యాన్ని పైకి వల్లె వేస్తున్నారు. "హీ డిడ్ నాట్ గో అప్. హీ డిడ్ నాట్ గో అప్."